చుక్కల షెడ్డు

సీకాయిపుట్టులో తెల్లారగానే ఎవరి వాకిలి వాళ్ళు ఊడ్చుకునే ముందు, ఇల్లు నిన్న ఉన్నచోటే ఉందా లేదా అని ఒకసారి చూసుకుంటారు. చాలా రోజులు అక్కడే ఉంటుంది. ఒక్కోనాడు మాత్రం బెత్తెడో జానెడో జరిగి ఉంటుంది. జరిగితే జరిగింది. చీపురు కొంచెం అటుగా వేసి ఊడుస్తారు, పొయ్యి మీద అంబలి పెడతారు, బుట్టలు తగిలించుకుని కాఫీ పళ్ళు కోయడానికి పోతారు. అరకు సంత నుంచి నడిస్తే గంటన్నర దూరంలో, అక్కడివాళ్ళు గెడ్డ అనే వాగు దాటాక, కొండ నడుము మీద ముప్ఫై రెండు గడపల ఊరు అది.

అక్కడ ఇళ్ళు మనుషుల వైపు జరుగుతాయి. కొత్తింట్లో మొదటి పొయ్యి ఎవరు ముట్టిస్తే ఇల్లు వాళ్ళ మనసు మాట వింటుంది. ఆ మనసు ఎవరి మీద ఉంటే మెల్లగా అటు పోతుంది. సోమన్న కూతుర్ని పెదబయలు పక్క ఊరికిచ్చి పదకొండేళ్ళయింది. ఈ పదకొండేళ్ళలో సోమన్న ఇల్లు పశువుల సాల దాటి, పనసచెట్లు దాటి, ఊరి చివర పెదబయలు దారి మొదట్లోకి వచ్చి నిలబడింది. కరెంటోళ్ళు ఈ ఊరికి మాత్రం తీగ రెండు బారలు ఎక్కువ వదుల్తారు. ఇళ్ళు కొలవడానికొచ్చిన సర్వేయరు మొదటిసారి తల పట్టుకున్నాడు గానీ, రెండోసారి ప్రతి కొలత పక్కనా 'సుమారుగా' అని రాసుకుని, టీ తాగి పోయాడు. చాటుమాటు ప్రేమలు మాత్రం ఈ ఊళ్ళో సాగవు. ఫలానావాడి ఇల్లు ఫలానావాళ్ళ పెరటి వైపు మూల తిప్పిందని పొద్దున్నే కుళాయి దగ్గర తేలిపోతుంది, మధ్యాహ్నానికి పెద్దమనుషులు కూర్చుంటారు.

ఇలాంటి ఊళ్ళో పుట్టి, ఈ ఊళ్ళోనే వెంట్రుకవాసి కూడా కదలకూడని కట్టడం ఒకటి కట్టాలని కూర్చుంది రాజకుమారి టీచరు. బుద్ధున్న వాళ్ళెవరైనా పక్క ఊళ్ళో కట్టుకుంటారు. ఆమెకి మాత్రం ఊరి పైనున్న బోడిగట్టే కావాలి, ఎందుకంటే అక్కడ చెట్టూ లేదు, దీపమూ లేదు, నాలుగు పక్కలా ఆకాశం నేల దాకా దిగి ఉంటుంది. ఆమెకి నలభై మూడేళ్ళు. ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో సైన్సు చెబుతుంది. సంబంధాలు వచ్చినన్నాళ్ళు వచ్చాయి. ఆమె వద్దనలేదు, కావాలనీ అనలేదు, వాళ్ళే విసుగెత్తి పోయారు. తమ్ముడు ఫల్గుణ ఇంటిని ఆనుకుని ఒక గది వేసుకుని ఉంటోంది.

ఆమె కోరిక ఒక్క నక్షత్రం. కిరీటంలా వంగి ఉండే చుక్కల గుంపు పక్కన, మామూలు కంటికి ఆనని మసక చుక్క అది. ఎనభై ఏళ్ళకి అటూ ఇటూగా ఒకసారి భగ్గుమంటుంది, వారం రోజులు అందరికీ కనిపిస్తుంది, మళ్ళీ మసకలోకి పోతుంది. పోయినసారి వెలిగింది పంతొమ్మిది వందల నలభై ఆరులో. ఊరి దిసారి మంగ్లు తాత తండ్రి కూడా దిసారే. విత్తనం ఎప్పుడు చల్లాలి, పెళ్ళి ఎప్పుడు చెయ్యాలి అని చుక్కల్ని చూసి చెప్పే పని వాళ్ళది. ఆ ఏడు ఆకాశంలో లేని చుక్క ఒకటి వచ్చి కూర్చుందనీ, ఏం చెప్పాలో తెలీక ఆ వారమంతా ఊళ్ళో దేనికీ ముహూర్తం పెట్టలేదనీ ఆయన కొడుక్కి చెప్పాడు, కొడుకు తొమ్మిదేళ్ళ రాజకుమారికి చెప్పాడు. ఆ చుక్క మళ్ళీ రావాల్సిన కాలం ఇదేనని పెద్దయ్యాక ఆమె చదువుకుంది. ఈసారి తప్పిపోతే ఇంకోసారికి తను ఉండదు. అందుకని వెలిగిన మొదటి పొద్దే చూడాలనుకుంది. చలికాలంలో ఆ గుంపు బాగా పైకి వచ్చేది తెల్లవారుజామున. రోజూ అప్పుడు ఫొటో తీసి, పక్క చుక్కలతో పోల్చి చూడాలి. వేకువకి ముందు దొరికేది ఒక్క గంట. టెలిస్కోపు కింది స్తంభం ఏమాత్రం ఒరిగినా మళ్ళీ ధ్రువ నక్షత్రానికి గురి కుదుర్చుకోవాలి, కుదిరేసరికి తెల్లారిపోతుంది. ఇంతే కథ, కానీ ఆమెకి మాత్రం ప్రాణం మీదికొచ్చిన పని.

కట్టడానికి అరకు బజారులో వెల్డింగు షాపున్న ప్రేమ్‌కుమార్ మేస్త్రీ దొరికాడు. పాచిపెంట పక్క మనిషి. భార్య పోయి ఆరేళ్ళయింది. షాపు వెనకాలే వండుకుని తిని పడుకుంటాడు. గేట్లూ గ్రిల్సూ చేసేవాడికి చుక్కలతో పనేముంది? మొదటి రోజు గట్టు మీద టేపు పట్టుకుని బుర్ర గోక్కున్నాడు.

"గొయ్యి నాలుగడుగులు దిగాలి" అంది రాజకుమారి.

"గేటు స్తంబానికి రెండు సాలండి, టీచర్‌గారూ."

"ఇది గేటు కాదు. మధ్యలో స్తంభం, చుట్టూ షెడ్డు నేల. స్తంభానికీ నేలకీ మధ్య చుట్టూరా అంగుళం ఖాళీ. షెడ్డు ఎక్కడా స్తంభాన్ని ముట్టుకోకూడదు. మనం లోపల తిరిగినా దానికి తెలీకూడదు."

"పక్కనే తిరిగినా తెలీకూడదా?" అతను కాసేపు ఆలోచించాడు. "మా పక్క ఇలాటి మనుసులున్నారండి."

ఆమె నవ్వలేదు, గోతి కొలత మళ్ళీ చెప్పింది.

కొత్తిల్లు కట్టే ముందు ఆ ఊళ్ళో నేలని అడుగుతారు. నాలుగు మూలలా బియ్యం గింజలు కుప్ప పెట్టి, పైన అడ్డాకు బోర్లించి, పొద్దున్న తీసి చూస్తారు. గింజలు చెదరకపోతే కట్టుకోవచ్చు. మంగ్లు తాత ఆ బియ్యం మూటతోనే గట్టెక్కి వచ్చాడు.

"ఇంట్లో ఎవులుంటారు, గుంటా?" అన్నాడు. నలభై మూడేళ్ళు వచ్చినా ఆయనకి ఆమె గుంటే, చిన్నపిల్లే.

"ఎవరూ ఉండరు తాతా. ఇది ఇల్లు కాదు, షెడ్డు."

"పొయ్యెక్కడ?"

"పొయ్యి లేదు. పెట్టను కూడా. పొయ్యి పెడితే కదిలిపోదూ!"

"పొయ్యి నేకపోతే ఇల్లు కాదు. ఇల్లు కాకపోతే నన్నడగక్కర్నేదు" అని తాత బియ్యం మూట మళ్ళీ నడుముకి కట్టుకుని దిగిపోయాడు. రాజకుమారికి సంతోషమేసింది. ఊరి పెద్దే ఇల్లు కాదన్నాక ఇంక భయం దేనికి?

గోడలు నడుమెత్తు దాకా లేచాయి. పైన ఇనప చట్రం, చట్రం మీద రేకులు. కప్పు మొత్తం గేటు చక్రాల మీద పట్టాలెక్కి పక్కకి జరిగిపోయేలా చేశాడు ప్రేమ్‌కుమార్. ఒక చేత్తో తోస్తే చాలు, గది నెత్తిన ఆకాశం తెరుచుకునేది. జనవరి చివరికి ఎనిమిది అంగుళాల అద్దమున్న టెలిస్కోపు స్తంభం మీద కూర్చుంది. రాజకుమారి మూడు తెల్లవారుజాములు తంటాలు పడి ధ్రువ నక్షత్రానికి గురి కుదిర్చింది. నాలుగో రోజు నుంచి ఫొటోలు వరసగా, అచ్చు గుద్దినట్టు ఒకేలా వచ్చాయి. ఊళ్ళో వాళ్ళు దానికి చుక్కల షెడ్డు అని పేరు పెట్టారు.

అసలు చిక్కు చెమ్మతో వచ్చింది. కొత్త సిమెంటు, పైగా పొగమంచు. రేకుల నుంచి పొద్దస్తమానం చినుకులే. ఇలాగే ఉంటే అద్దానికి బూజు పడుతుంది, పడితే అద్దం పాడైపోయినట్టే. ప్రేమ్‌కుమార్ పాత నూనె డబ్బా కోసి కుంపటి చేసుకొచ్చాడు.

"సాయంత్రం గంటసేపు బొగ్గులు రగిలిత్తే గోడలారిపోతాయండి. బేగి ఆరతాయి."

రాజకుమారి ఆ కుంపటి వంక పాముని చూసినట్టు చూసింది. తర్వాత ఆలోచించింది. సైన్సు టీచరు కదా, రుజువు కోసం వెతికింది. ఊళ్ళో బడి క్వార్టర్‌ ఒకటుంది. తుని నుంచీ కాకినాడ నుంచీ వచ్చిన టీచర్లు తొమ్మిదేళ్ళు అందులో వండుకు తిన్నారు. అది ఒక్కనాడూ అంగుళం జరగలేదు. అంటే పై ఊరివాళ్ళు ముట్టించిన నిప్పు లెక్కలోకి రాదన్నమాట. పాచిపెంట పై ఊరే కదా!

"మీరే ముట్టించండి. నేను అగ్గిపుల్ల కూడా పట్టుకోను" అంది.

అలా ప్రేమ్‌కుమార్ రోజూ సాయంత్రం షాపు మూసి, బండి మీద ఎనిమిది కిలోమీటర్లు వచ్చి, కుంపటి ముట్టించి పోయేవాడు. కుంపటి కోసమే వస్తున్నానని మాత్రం ఎప్పుడూ అనలేదు. ఒకరోజు చక్రానికి గ్రీజు అన్నాడు. ఇంకోరోజు గాలికి రేకులు లేస్తాయేమో, కొక్కేలు పెడదామన్నాడు. మరోరోజు పట్టా మీద ఇసుక పడిందేమో చూస్తానన్నాడు. అరకు బజారులో పదేళ్ళుగా ఊగుతున్న గేట్లు ఎన్నో అతని కోసం కాచుకుని ఉన్నాయి, వాటి మొహం చూసే తీరిక అతనికి లేకపోయింది. రాజకుమారి అతని పక్కనే నిలబడి రేపటికి మబ్బుందా లేదా అని పైకి చూస్తుండేది.

"వదినా, ఆ మేస్త్రీ చక్రాలు రోజుకోటి అరిగిపోతన్నాయేటి?" అని తమ్ముడి భార్య కనక ఒకసారి అడిగింది.

"గేటు చక్రాలు కదా, అంత బరువు మొయ్యడం వాటికి కొత్త" అంది రాజకుమారి. కనక నోట్లో కొంగు కుక్కుకుని లోపలికి పోయింది.

ఫిబ్రవరి రెండోవారంలో ఒక పొద్దున ఫొటోలో నక్షత్రాలు చుక్కల్లా కాకుండా చిన్న గీతల్లా వచ్చాయి. రాజకుమారి టార్చి వేసి స్తంభం మొదలు చూసింది. గట్టు పైపక్కనున్న ఖాళీలో వేలు పెట్టబోతే పట్టలేదు. ఊరి పక్క ఖాళీలో రెండు వేళ్ళు పట్టాయి. ఆమె మోకాళ్ళ మీద అలాగే కూర్చుండిపోయింది. షెడ్డు ఊరి వైపు జరుగుతోంది. నేల అంచు స్తంభాన్ని ఆనుకుని నెడుతోంది.

పొద్దెక్కేసరికి ఊరంతా గట్టు మీదే ఉంది. ఇల్లు జరగడంలో వింతేం లేదు గానీ, రాజకుమారి టీచరు మనసు జరగడం మాత్రం చూడాల్సిందే కదా. ఎవరి మీదికి పోతోందని ఒకటే ఊహాగానాలు. ఆమె ఏ మొహమాటమూ లేకుండా తాపీపని నూలుదారం తెచ్చి, షెడ్డు జరిగిన దిక్కు పట్టి, కొండ దిగువకి లాగించింది. దారం తిన్నగా పోయి సోమన్న ఇంటి మూలకి తగిలింది.

"సోమన్న మావా! డెబ్బై ఏళ్ళకి పంట పండింది!" అని ఎవరో అరిచారు. సోమన్న బోసినోరు తెరుచుకుని నిలబడిపోయాడు. అందరూ పడీ పడీ నవ్వారు. రాజకుమారి మాత్రం నిజాయితీగా ఒక్క నిమిషం తన మనసు వెతుక్కుంది. సోమన్న లేడు. ఆమాటకొస్తే ఎవరూ లేరు.

"దారం అక్కడితో ఆపీకండి, ఇంకా లాగండి" అంది కనక. సోమన్న ఇంటి గోడ రాసుకుంటూ, పశువుల సాల మీదుగా దారం సాగింది. చివరికి రాజకుమారి గది గుమ్మం మధ్యలోకొచ్చి తగిలింది.

నవ్వులు ఆగిపోయాయి. ఎవరి ఇల్లూ వాళ్ళ మీదికే వచ్చిన సంగతి ఆ ఊరు ఎరగదు. మంగ్లు తాత కర్ర నేలకి ఆనించి, షెడ్డులోకి తొంగి చూసి, మూలనున్న నూనె డబ్బా కుంపటిని కర్రతో తట్టాడు.

"ఇదేటి?"

"చెమ్మ ఆరడానికి, తాతా."

"ఎవులు ముట్టించినారు?"

ఆమె చెప్పలేదు. కనకే చెప్పింది. "ఆ వెల్డింగు మేస్త్రీ. మొదట్నుంచీ ఆడే."

అందరి తలలూ రాజకుమారి వైపు తిరిగాయి.

"అతను పై ఊరాయన" అంది రాజకుమారి. "క్వార్టర్ తొమ్మిదేళ్ళు కదల్లేదు కదా తాతా. పై ఊరి నిప్పు..."

"నిప్పుకి ఊరేటే? ఆ పంతుళ్ళ మనసు ఎప్పుడూ శనివారం బస్సు మీదే ఉండీది. బస్సు ఒకసోట నిలబడతాదా? ఇల్లెటుపోవాలో తెలీక ఊరుకుంది" అన్నాడు తాత. "ఈడి మనసు నిలకడగా ఒకసోట ఉంది. షెడ్డు అటే వత్తంది."

"ఆపడం ఎలా?"

"రెండే దార్లు. ఇల్లు ఎవులి కోసం వత్తందో ఆలని సేరాలి. నేకపోతే ముట్టించినోడే తన సేత్తో నీళ్ళు పోసి ఆర్పేసి, గెడ్డ దాటి ఎల్లిపోవాలి. మళ్ళీ ఈ పక్క మొకం సూపించకూడదు."

జనం దిగిపోయారు. రాజకుమారి నిలబడి లెక్క కట్టుకుంది. రోజుకి పావు అంగుళం. ఇప్పటికే స్తంభం ఒరగడం మొదలైంది. పదిరోజులకి విరుగుతుంది. ఒకవేళ షెడ్డు తన గుమ్మం దాకా వచ్చిందే అనుకుందాం, అక్కడ నెత్తి మీద సిల్వర్ ఓకు చెట్లు, వాటికి మిరియాల తీగలు, ఆకాశం అరచేతంత కూడా కనపడదు. ఆ చుక్క రేపే వెలగొచ్చు. మేస్త్రీని పొమ్మంటే సరిపోతుంది. ఆ మాట పొద్దుట నుంచి సాయంత్రం దాకా పదిసార్లు అనుకుంది, పదిసార్లూ నోరు చేదెక్కింది.

సాయంత్రం ప్రేమ్‌కుమార్ వచ్చేసరికి ఆమె షెడ్డు గడప మీద కూర్చుని ఉంది. ఎప్పుడూ పైకి చూసే మనిషి దారి వైపు చూస్తూ ఉండడంతో అతను బండి దిగబోయి తడబడ్డాడు.

"ఇవాళ కుడిపక్క బేరింగు సూద్దారని..."

"బేరింగులు బాగానే ఉన్నాయి. కూర్చోండి."

క్లాసులో పాఠం చెప్పినట్టే చెప్పింది. ఊరి ఇళ్ళ సంగతి, మొదటి నిప్పు సంగతి, దారం సంగతి, తాత చెప్పిన రెండు దారులూ. అతను తల దించుకుని విన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. కాదని మాత్రం అనలేదు.

"మీ ఊరి సంగతి నాకు తెల్దండి. తెలిత్తే అగ్గిపుల్ల గియ్యకపోదును. మా పక్క ఇళ్ళు కదలవు. మనిసి మనసులో ఏటున్నా మనసులోనే ఉంటాది, ఎవులికీ తెలీదు. నాను అలాగే ఉంచీసుకుందునండి."

"ఎప్పట్నుంచి?"

"గొయ్యి తవ్వినకాడ్నించి. నాలుగడుగులు దిగినాక నీరూరిపోయింది. కూలోళ్ళు మేం దిగం అన్నారు. మీరు సెప్పులిప్పీసి దిగి, బురద సేత్తో ఎత్తి పోసినారు కదండి. ఆ రోజు."

రాజకుమారికి ఆ రోజు గుర్తుంది. గొయ్యి లోతు కూడా గుర్తుంది, నాలుగడుగుల రెండంగుళాలు. పైన ఇతను నిలబడి ఉన్నాడన్నది గుర్తులేదు.

అతను లేచి, డ్రమ్ములోంచి బకెట్టు నీళ్ళు ముంచాడు. "ఈ స్తంబం నా సేతుల్తో పోసింది. నా మూలాన ఇరిగిపోతే నాకు బాగోదు. ఆర్పీసి ఎల్లిపోతాను, గెడ్డ దాటి రాను. సక్రాలకి నెలకోసారి గ్రీజు రాయించుకోండి, మర్సిపోకండి. ఇసక పడితే తోయకండి, తుడిసి తొయ్యండి."

ఇప్పుడు రాజకుమారి చెయ్యాల్సింది ఏమీ లేదు. ఊరుకుంటే చాలు. ఊరుకుంటే స్తంభం నిలుస్తుంది, చుక్క దక్కుతుంది, ముప్ఫై నాలుగేళ్ళ కోరిక. అయినా ఆమెకి ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో వెంటనే తెలిసింది, తెలిసినందుకు భయమేసింది. తన కోసం ఒక మనిషి మనసు ఇన్నాళ్ళూ పావు అంగుళం చొప్పున కొండ దిగుతుంటే తను అద్దానికి బూజు పడుతుందని దిగులుపడింది. ఎంత గుడ్డిదాన్ని, అనుకుంది.

"బకెట్టు కింద పెట్టండి" అంది.

అతను పెట్టలేదు. "మరి స్తంబం?"

"ఈ షెడ్డు నా గది దగ్గరికి వస్తోందా, నా దగ్గరికి వస్తోందా?"

"మీ దగ్గిరికేనండి. గదితో నాకేటి పని?"

"అయితే నేను గట్టు మీదుంటే అది గట్టు మీదికే రావాలి కదా! నీళ్ళు డ్రమ్ములో పోసెయ్యండి. కుంపటి ముట్టించి వెళ్ళండి. రేపూ రండి."

ఆ రాత్రికే ఫల్గుణ చేత నులకమంచం గట్టెక్కించింది. షెడ్డుకి పైపక్క, కాఫీ ఆరబెట్టే పరదా గుడారంలా కట్టుకుని, రెండు రగ్గులు కప్పుకుని పడుకుంది. పొద్దున చూస్తే పైపక్క ఖాళీలో కాగితం పట్టింది. మూడోరోజు చిటికెనవేలు పట్టింది. ఐదోరోజుకి చుట్టూ సరిగ్గా అంగుళం. ఆమె గంతెయ్యలేదు గానీ స్కూల్లో ఆరోజు ఎవర్నీ తిట్టలేదు. ఆరోరోజు ఖాళీ రెండోపక్క తగ్గడం మొదలెట్టింది. షెడ్డు ఇప్పుడు పైకి, ఆమె మంచం వైపు వస్తోంది.

మంచం కిందికి మార్చింది, షెడ్డు కిందికొచ్చింది. తూర్పుకి మార్చింది, తూర్పుకొచ్చింది. కోడి వెంట కోడిపిల్లలా తిరిగింది. నోటుబుక్కులో బొమ్మ గీసుకుంది, కొలతలు రాసుకుంది. వారం తర్వాత తేలిందేమంటే, ఆ షెడ్డు ఎటూ పోకుండా ఉండే చోటు ఒక్కటే ఉంది. స్తంభం పక్కన, షెడ్డు లోపల. ఆ సంగతి ఆమెకి మూడోరోజే తెలుసు. మిగతా నాలుగు రోజులూ ధైర్యం తెచ్చుకోవడానికి కొలిచింది.

మంచం లోపల వేయిస్తుంటే కనక పరిగెత్తుకొచ్చింది.

"వదినా, తెలిసే సేత్తన్నావా? ఒకరు ముట్టించిన పొయ్యి పక్కన ఇంకొకరు మూడు రాత్రులు పడుకుంటే ఏటవుద్ది? నాలుగో పొద్దున దిసారి బియ్యం సల్లీత్తాడు. పెళ్ళే అది! తరవాత కాదంటే కుదరదు."

"తెలుసు."

"సుక్క కోసమా, మనిసి కోసమా?"

రాజకుమారి వంగి మంచం కోళ్ళు సర్దింది. "చుక్క కోసమే అయితే అతన్ని పొమ్మంటే సరిపోయేది కదే" అంది.

కనక రెండోపక్క మంచం పట్టింది.

ఆ మూడు రోజులూ ప్రేమ్‌కుమార్ సాయంత్రం వచ్చి, గడప బయట నుంచే కుంపటి రగిలించి లోపలికి జరిపి వెళ్ళాడు. ఆమె తలుపు దగ్గరే నిలబడి తీసుకుంది. మూడో సాయంత్రం, "రేపు తెల్లవారుజామున నాలుగింటికి రండి, పనుంది" అంది.

నాలుగు కాకముందే బండి లైటు గట్టెక్కింది. మఫ్లరు తలకి చుట్టుకుని, వెనకాల పనిముట్ల పెట్టె కట్టుకుని వచ్చాడు.

"ఏటి పని టీచర్‌గారూ? కప్పు జరగలేదా?"

"జరిగింది. లోపలికి రండి."

కప్పు తెరిచి ఉంది. పైన చుక్కలు పొగమంచు లేకుండా తేటగా ఉన్నాయి. స్తంభం పక్కన మంచం, మంచం మీద మడత విప్పిన రగ్గు, కింద స్టీలు గ్లాసు, ఆమె చెప్పులు. అతను గడప దగ్గరే ఆగిపోయాడు.

"మూడు రాత్రులైంది. షెడ్డు వెంట్రుకవాసి కూడా కదల్లేదు" అంది రాజకుమారి. "తెల్లారాక మంగ్లు తాత బియ్యం తెస్తాడు. మా ఊళ్ళో ఇలా పడుకున్నాక ఇద్దరి మీదా చల్లుతారు. పెళ్ళయిపోయినట్టే. మీకు చెప్పకుండా చేశాను. నన్ను ఒక్కమాటైనా అడగలేదేమని మీరనొచ్చు. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి, తాతకి ఫోన్ చేసి రావద్దంటాను."

ప్రేమ్‌కుమార్ మఫ్లరు విప్పి చేతుల్లో నలిపాడు. "ముందు ఆ సుక్క సూపించండి. ఇన్నాళ్ళూ సక్రాలే సూసినాను" అన్నాడు.

ఆమె టెలిస్కోపు గురి సరిచూసి పక్కకి జరిగింది. అతను వంగి, ఊపిరి బిగబట్టి, ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"మద్దెలో ఉన్నదేనా? ఇంత మసగ్గా ఉందేటి!"

"ఇంకా వెలగలేదు."

"ఎప్పుడెలుగుద్ది?"

"ఇవాళే కావచ్చు. రెండేళ్ళకి కావచ్చు. లెక్క తప్పితే మనం పోయాక కావచ్చు."

అతను కన్ను తియ్యకుండానే అన్నాడు. "అయితే ఇంక నాను రోజూ తెల్లారకముందే ఇక్కడికి రావాలన్నమాట."

"రావడమెందుకు?" అంది రాజకుమారి. "ఇక్కడే ఉండు."

అతను లేచి బయటికెళ్ళాడు. బండి వెనకాల కట్టిన తాళ్ళు విప్పి, పనిముట్ల పెట్టె తెచ్చి లోపల గోడవారగా పెట్టాడు.